గిట్ కావాలంటే గిట్ ఉండాలి

ఆదివారం ఎత్తిపోతల వెళ్లాం. వానలకు చంద్రవంక నిండుగా దూకుతోంది. అందరూ సెల్ఫీల్లో మునిగి ఉండగా మా మేనల్లుడు పాత తగవు తీశాడు. "మామయ్యా, గిట్‌ని ఇంకా సోర్సు నుంచే కట్టుకుంటున్నావా? రెడీమేడ్ అరనిమిషంలో దిగుతుందిగా!"

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా ఫ్రీబీఎస్‌డీ పిచ్చి కొత్త కాదు. ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌లో సాఫ్ట్‌వేర్‌ని సోర్సు నుంచి కట్టుకునే పోర్ట్స్ అనే ఏర్పాటు 1994 నుంచీ ఉంది. ఒక్కో సాఫ్ట్‌వేర్‌కి ఒక్కో ఫోల్డరు. ఎలా కట్టాలో మేక్‌ఫైల్ చెబుతుంది, సోర్సు ఫైలు సైజూ, ఫైలు మారితే మారిపోయే షా256 సంఖ్యా డిస్ట్‌ఇన్ఫోలో ఉంటాయి. గిట్‌లో వద్దనుకున్న హంగులు తీసేసి కట్టుకోవచ్చు. "నా మిషన్‌లో నేను కట్టుకున్నదే నాకు నమ్మకం" అన్నాను.

"మరి ఆ పోర్ట్స్‌ని దేంతో తెచ్చుకున్నావ్?"

గట్టి దెబ్బే. కోడ్ మార్పుల లెక్క రాసే పనిముట్లలో సీవీఎస్ నుంచి సబ్‌వర్షన్‌కి, అక్కణ్నుంచి 2021లో గిట్‌కి మారింది పోర్ట్స్. కొత్తగా ఫ్రీబీఎస్‌డీ వేసిన మిషన్‌లో గిట్ ఉండదు. అందుకని మామూలుగా ముందు రెడీమేడ్ గిట్ దించి, దాంతో పోర్ట్స్ తెచ్చి, అందులోంచి మళ్లీ గిట్ కట్టుకుంటాం. ఆ గిట్ సోర్సు వచ్చేది మాత్రం ఉత్త టార్ ఫైలుగా. డిస్ట్‌ఇన్ఫోలోని సంఖ్యతో కలిస్తేనే పని ముందుకు సాగుతుంది.

జవాబు వెతుక్కుంటుంటే తాతయ్య గుర్తొచ్చాడు. కార్తీకంలో కారంపూడి ఉత్సవాలకు నన్ను వెంటేసుకుని వెళ్లేవాడు. వీరవిద్యావంతులు పల్నాటి కథ పాడుతుంటే, అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చుకెక్కించిన పల్నాటి వీరచరిత్ర ఒళ్లో పెట్టుకుని పెన్సిల్ పట్టుకుని కూర్చునేవాడు. పాట పుస్తకాన్ని దాటి ఎటు పోయినా మార్జిన్‌లో గీత పడేది. "కోడిపందెం ఈ యేడు పెంచాడ్రా, మాంచాల దగ్గర తొందరపడ్డాడు" అనేవాడు తిరుగు బస్సులో. ఏది సరైనదని ఎన్నడూ తీర్పు చెప్పలేదు. ఆయనకు పాట రాదు, పద్యం రాయడం రాదు. అయినా మా ఊళ్లో కథ మీద ఏ వాదం వచ్చినా జనం ఆయన అరుగు మీదికే వచ్చేవాళ్లు.

కంపైలర్ తిరుగుతున్నంతసేపూ నేను చేసేదేమిటి? తెర మీద పరుగెత్తే వరుసల్ని చూడటం. గిట్‌లో లక్షల వరుసలుంటే నేను చదివింది ఒక్కటీ లేదు. కట్టడం వేరు, చదవడం వేరు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పోర్ట్‌లో మారేవి సాధారణంగా కొన్ని వరుసలే: వెర్షన్ నంబరు, సైజులు, షా సంఖ్యలు. ఇంకేదైనా మారితే ఎందుకని అడగాల్సింది అక్కడే. తాతయ్య మార్జిన్ గీతల్లాంటి ఆ తేడా చదవడానికి నిమిషం చాలు. ఫ్రీబీఎస్‌డీ సర్వర్లు రెడీమేడ్ గిట్ కట్టేదీ ఆ వరుసల్ని బట్టే.

కాబట్టి ఇకమీదట గిట్ రెడీమేడే దించుకుంటాను. మిగిలిన టైములో పోర్ట్‌ల తేడాలు చదువుతాను. మేనల్లుడు గెలిచాడని మాత్రం ఒప్పుకోను. వాడు కట్టనూ కట్టడు, చదవనూ చదవడు.