సాక్షి ధర్మము: ‘డైరీ ఆఫ్ ది డెడ్’ చిత్రమును గూర్చిన విమర్శ

కన్నది కన్నట్లు చెప్పువాడు సాక్షి. అట్టివానిని లోకము గౌరవించును, కూటసాక్షిని అసహ్యించుకొనును. అయితే చూచుట, చెప్పుట అను రెండు విధులతోనే సాక్షి ధర్మము తీరిపోవునా? ఒకడు నీట మునుగుచుండగా గట్టుమీద నిలిచి, ఆ మునుగుటను పొల్లుపోకుండ వర్ణించువానిని సత్యవంతుడని మెచ్చుకొందుమా, నిర్దయుడని నిందింతుమా? ప్రతివాని చేతిలోను కెమెరా గల టెలిఫోను ఉన్న యీ కాలమున ఈ ప్రశ్న న్యాయస్థానమునకు మాత్రమే సంబంధించినది కాదు. అది ప్రతి యింటి గడపను దాటి లోనికి వచ్చినది.

ఈ ప్రశ్ననే ప్రధానముగా పెట్టుకొని చర్చించిన అమెరికా చలనచిత్రము ఒకటి కలదు. అది శవములు లేచి మనుష్యులను తిను కథ. ఆ మాట వినినంతనే పెద్దలు పెక్కుమంది ఇది కుఱ్ఱవాండ్ర వేడుకయని త్రోసిపుచ్చుదురు. అట్లు త్రోసిపుచ్చదగినది కాదని మా అభిప్రాయము. అది నిర్దుష్టమైన కృతి యని మాత్రము మేము చెప్పము.

ఆ చిత్రము పేరు ‘డైరీ ఆఫ్ ది డెడ్’, అనగా మృతుల దినచర్య. కర్త జార్జి రొమేరో. 2007 సెప్టెంబరులో టొరాంటో చలనచిత్రోత్సవమున మొదట ప్రదర్శింపబడి, 2008 ఫిబ్రవరిలో అమెరికాలో విడుదలయ్యెను. 1968లో పిట్స్‌బర్గు ప్రాంతమున స్వల్పధనముతో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ అను చిత్రమును తీసి, తరువాత వచ్చిన జాంబీ చిత్రములన్నిటికిని త్రోవ చూపినవాడు ఈ రొమేరోయే. 2017 జూలై 16న, 77 ఏండ్ల వయస్సున మరణించెను.

జాంబీ అను భావన హైతీ దేశమునుండి వచ్చినది. ఆఫ్రికానుండి బానిసలుగా తేబడి చెఱకుతోటలలో ప్రాణములు పోవువఱకు పనిచేసినవారికి, చచ్చిన పిమ్మటనైనను విడుదల లేదేమో యను భయము అందులో దాగియున్నది. రొమేరో చూపిన శవములకు యజమాని లేడు. ఆకలి యొక్కటే వానిని నడిపించును. మన కథలలోని భేతాళుడు శవము నావేశించియు కథ చెప్పును, చిక్కుప్రశ్న వేయును, న్యాయము తెలిసినవానిని గుర్తించును. ఈ శవములకు మాట లేదు, వివేకము లేదు. అందుచేత ఈ చిత్రములలో ప్రశ్న వేయవలసినవారును, సమాధానము చెప్పవలసినవారును బ్రదికియున్నవారే.

కథ యిట్లుండును. పిట్స్‌బర్గు విశ్వవిద్యాలయమున చలనచిత్రకళ నభ్యసించు జేసన్ క్రీడ్ అను యువకుడు, కొందఱు సహాధ్యాయులతోను, మాక్స్‌వెల్ అను ఆచార్యునితోను ఒక రాత్రి అడవిలో మమ్మీ కథ నొకదానిని చిత్రించుచుండును. చచ్చినవారు లేచి తిరుగుచున్నారని ఇంతలో వార్త వచ్చును. అందఱును ఒక పెద్ద మోటారుబండిలో ఇండ్లవైపు బయలుదేఱుదురు. జేసన్ తన కెమెరాను దింపడు. త్రోవలో జరిగినదంతయు చిత్రించి, అంతర్జాలము ద్వారా లోకమునకు పంపవలెనని అతని పట్టుదల. చివరకు అతడు మరణించును. అతని ప్రియురాలు డెబ్రా, అతడు తీసిన భాగములను కూర్చి, తన వ్యాఖ్యానమును చేర్చి, ‘ది డెత్ ఆఫ్ డెత్’ అను పేరుతో పూర్తిచేయును. మనము చూచునది ఆమె కూర్చిన ఆ చిత్రమే.

పాత్రలు తామే తీసికొన్నట్లు నటించు ఇట్టి చిత్రములు కొత్తవి కావు. 1999లో వచ్చిన ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ ఈ పద్ధతికి లోకప్రసిద్ధి తెచ్చెను. రొమేరో చిత్రము వెలువడిన 2007లోనే స్పెయిను దేశమున ‘రెక్’ అను చిత్రము వచ్చెను. అట్టి చిత్రములలో సాధారణముగా తీసినవారు నశించియుందురు. చిత్రము మాత్రము దొరకును. దొరికినది కావున నిజమని ప్రేక్షకుడు నమ్మవలెను. రొమేరో ఈ మర్యాదను మార్చెను. ఇచ్చట చిత్రము దొరికినది కాదు, కూర్చబడినది. ప్రేక్షకులకు భయము కలుగుటకై అచ్చటచ్చట సంగీతమును చేర్చితినని డెబ్రా మొదటనే ఒప్పుకొనును. సత్యము చెప్పబూనినవాడు సైతము వన్నె దిద్దకుండ చెప్పలేడని, దిద్దిన సంగతిని దాచకుండుటయే అతనికి సాధ్యమైన నిజాయితీ యని ఇందు సూచన. ప్రతిదినము చిత్రములతో కూడిన వార్తలు చూచు మనము జ్ఞాపకముంచుకొనవలసిన మాట యిది.

జేసన్ దుర్మార్గుడు కాడు. అతని వాదమునకు రొమేరో న్యాయమే చేసెను. ప్రభుత్వమువారును, పెద్ద వార్తాసంస్థలును నిజమును మఱుగుపఱచుచున్నప్పుడు, సామాన్యుడు తీసిన చిత్రమొకటి ఎవరి ప్రాణమునైనను కాపాడవచ్చునని అతడనును. కాని అతడు పంపిన తొలిభాగమును 8 నిమిషములలో 72,000 మంది చూచిరని తెలిసినప్పుడు అతని ముఖమున వెలిగిన సంతోషమును గమనింపుడు. ప్రాణములు కాపాడు కోరికయు, పదిమంది చూడవలెనను కోరికయు అచ్చట కలిసిపోయినవి. వానిని విడదీయుట అతనికే సాధ్యము కాదు.

ఒక ఆసుపత్రిలో స్నేహితులు ప్రమాదమును వెదకుచు ముందుకు పోవలసి వచ్చును. జేసన్ కదలడు, కెమెరాకు విద్యుచ్ఛక్తి ఎక్కించుటకై దాని తీగను గోడకు తగిలించియున్నాడు. ఆ తీగ యెంత పొడవో అతని స్వేచ్ఛయు అంతే. ఆకలికి కట్టుబడి నడచు శవమునకును, తీగకు కట్టుబడి నిలిచిన యువకునికిని భేదమెంత యని ప్రేక్షకుడే ఆలోచించుకొనును. చిత్రమున మిక్కిలి మంచి ఘట్టములలో నిది యొకటి. ఇచ్చట ఉపన్యాసము లేదు.

అంతకంటె గొప్పది ట్రేసీ అను యువతి ఘట్టము. మొదటి రాత్రి అడవిలో ఆమె నటి. మమ్మీ వేషము వేసిన రిడ్లీ తఱుముచుండగా పరుగెత్తి పడిపోవుట ఆమె పని. ఇట్టి చిత్రములలో స్త్రీ ఎల్లప్పుడును కాలుజాఱి పడనేల, బట్టలు చింపుకొననేల యని ఆమె అప్పుడే విసుగుకొనును. చచ్చినవారు వేగముగా నడవలేరని రిడ్లీకి జేసన్ పాఠము చెప్పును. కథ చివరకు వచ్చుసరికి రిడ్లీ నిజముగానే శవమై, అదే వేషముతో, అట్టి అడవిలోనే ట్రేసీని వెంబడించును. ఆమె సాయము కోరును. జేసన్ కెమెరాను ఆమెవైపు త్రిప్పి చిత్రించుచుండును. తొలిరాత్రి తీయలేకపోయిన దృశ్యము ఇప్పుడు చక్కగా దొరికినది! ట్రేసీ తన్ను తానే రక్షించుకొని, మోటారుబండి నెక్కి, వారిని విడిచి పోవును.

స్త్రీజనాభ్యుదయమును కోరు మన చదువరులు ఈ ఘట్టమును ఉపేక్షింపగూడదు. స్త్రీ భయమును చూచి ఆనందించుటయే భయానక చిత్రములలో చిరకాలముగా వ్యాపారము. ఆ వ్యాపారమున నలువది యేండ్లు గడిపిన దర్శకుడు, తన విద్యనే బోనులో నిలిపి, చిత్రించువాని చేతిలోని కెమెరా తఱుమువాని పక్షముననే యున్నదని తేల్చెను. ఆమెను బ్రదికించి పంపివేయుట అతడు చెప్పిన తీర్పు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. చిత్రించుటయే సాయమగు సమయములు లేవా యని. తప్పక కలవు. 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్ నగరమున జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతీయుని మెడపై పోలీసు ఉద్యోగి యొకడు 9 నిమిషములకు పైగా మోకాలు మోపి చంపెను. చుట్టునున్నవారు విడువుమని మొఱపెట్టిరి. ఆనాడు పనిలో లేని అగ్నిమాపకదళ ఉద్యోగిని యొకతె నాడి చూడుడని వేడినను ఆమెను దగ్గఱకు రానీయలేదు. 17 ఏండ్ల బాలిక యొకతె తన టెలిఫోనుతో దానినంతయు చిత్రించెను. పోలీసువారి తొలి ప్రకటన దానిని అనారోగ్యమువలన కలిగిన మరణమువలె వర్ణించెను. ఆ బాలిక చిత్రమే ఆ మాటను పటాపంచలు చేసెను. 2021 ఏప్రిలులో జ్యూరీ ఆ ఉద్యోగిని దోషిగా నిర్ణయించెను. ఆ సంవత్సరమే పులిట్జరు బహుమతి సంఘము ఆమెను ప్రత్యేకముగా గౌరవించెను.

ఆ బాలికకును జేసన్‌కును భేదమేమి? చేతిలోని పనిముట్టు ఒక్కటే, చేసిన పనియు పైకి ఒక్కటే. కాని చేయి చాచి ఆపుటకు ఆమెకు అధికారము లేదు, బలము లేదు. ఆయుధము గల అధికారులు అడ్డముగా నుండిరి. ఆమె చేయగలిగినది సాక్ష్యమొక్కటే, దానిని ఆమె చేసెను. జేసన్‌కు అడ్డము వచ్చినవాడు లేడు. కెమెరాను క్రింద పెట్టిన చాలును, ట్రేసీకి సాయపడగలడు. చేయి చాచి కాపాడుటకు వీలులేనిచోట చిత్రించుట ధర్మము. వీలున్నచోట చిత్రించుట తప్పించుకొనుట. చిత్రమునుండి మేము గ్రహించిన సారమిది.

మన భారతములో సంజయుడును సాక్షియే. వ్యాసుడు అనుగ్రహించిన దివ్యదృష్టితో యుద్ధమును చూచి, చూపులేని రాజునకు వినిపించెను. కాని అతడు వినిపించుటతో ఊరకుండలేదు. యుద్ధమునకు ముందే రాయబారమునుండి తిరిగివచ్చి రాజును నిష్ఠురముగా మందలించెను. యుద్ధవార్తలు చెప్పునప్పుడును, ఇది నీవు చేసికొన్న పాపఫలమని పలుమాఱు నిందించెను. వినువాని ప్రీతికై ఒక్క మాటయు మార్చలేదు. జేసన్ వినువారి సంఖ్యను లెక్కించును. సంజయుడు వినువాని తప్పును లెక్కించెను.

ఇక దోషములు. డెబ్రా వ్యాఖ్యానము అధికము. ఘట్టము తానే చెప్పినదానిని ఆమె మఱల వాక్యములలో చెప్పును. తీగ ఘట్టమును కల్పింపగలిగిన దర్శకుడు ప్రేక్షకుని బుద్ధిని ఇంత శంకింపనేల? మద్యపానము చేయుచు సూక్తులు వల్లించు ఆచార్యుడు మనిషివలె గాక గ్రంథమువలె తోచును. యువకులలో పలువురి పేర్లు చిత్రము ముగియకముందే మఱచిపోదుము. చెవులు వినబడని సామ్యుయేలు అను ఆమిష్ రైతు మాత్రము కొలది నిమిషములే కనబడినను మనస్సున నిలుచును. అతడు పలకమీద తన పేరు వ్రాసి చూపి, అపరిచితులకు ఆశ్రయమిచ్చి, వారికొఱకు పోరాడి మరణించును. వ్యాఖ్యానము లేని పాత్రయే నిలుచుట దర్శకునకు పాఠము కాదగినది.

చిత్రాంతమున డెబ్రా ఒక దృశ్యమును చూపును. వేటగాండ్రు కొందఱు లేచిన శవములను వినోదమునకై గుఱిపెట్టి కాల్చుచుందురు. ఒక స్త్రీ శవమును జుట్టుతో చెట్టునకు వ్రేలాడగట్టి తుపాకి పేల్చుదురు. 1968 నాటి చిత్రమును ఎఱిగినవారికి ఈ వేటగాండ్రు పరిచితులే. ఆ కథలో రాత్రియంతయు శవములతో పోరాడి బ్రదికిన నల్లజాతి వీరుని, తెల్లవాఱినప్పుడు అట్టి గుంపే శవమని కాల్చిచంపెను. దాదాపు నలువది యేండ్లు గడచినను గుంపు మాఱలేదు, చెట్టు మాత్రము క్రొత్తది. మనుష్యులను చెట్లకు వ్రేలాడగట్టి చంపిన చరిత్ర ఆ దేశమునకు కలదు. ఆ జ్ఞాపకము లేక ఆ దృశ్యము కల్పింపబడినదని మేము నమ్మజాలము.

ఆ దృశ్యము ముగియగానే, ఇట్టి మనము కాపాడదగినవారమేనా యని డెబ్రా ప్రేక్షకుని అడుగును. భేతాళుని ప్రశ్నవలె ఇదియు తెలిసియు ఊరకుండుటకు వీలులేని ప్రశ్న. దీనికి మాటలతో సమాధానము చెప్పుట సులభము. వీధిలో ఎవడో పడిపోయినప్పుడు చెప్పవలసిన సమాధానము వేఱు. మన పిల్లలకు కెమెరా పట్టుట ఎవరును నేర్పనక్కఱలేదు. దానిని ఎప్పుడు క్రింద పెట్టవలెనో నేర్పువారే కావలెను. ఎదిగిన పిల్లలు గల యిండ్లలో ఈ చిత్రమును పెద్దలు వారితో కలిసి చూచి, ట్రేసీ ఘట్టమువద్ద నిలిపి, ఆ స్థానమున నీవుండిన ఏమి చేయుదువని అడుగుదురుగాక. పసిపిల్లలకు మాత్రము ఇది చూపదగినది కాదు.