చేపపిల్ల గుండె ఎందుకు నెమ్మదించింది?

విశాఖపట్నంలోని రైల్వే కుటుంబాలకు గార్డెన్ రీచ్ పేరు కొత్తది కాదు. 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఏర్పడేదాకా వాల్తేరు డివిజనుకు పెద్దదిక్కు, కలకత్తాలో హుగ్లీ ఒడ్డున ఆ పేటలో ఉన్న ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయమే. నదికి ఆవలి ఒడ్డున శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్ ఉంది. 1814లో ఆ తోటకు అధిపతిగా పనిచేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల గురించి 1822లో ఒక పుస్తకం ప్రచురించాడు. ఒంటిమీద నీలిచారలున్న ఒక చిట్టి చేపను అందులో వర్ణించాడు. ఇప్పుడు మనం జీబ్రా చేప అంటున్నది దానినే. ఏదైనా రసాయనం పిండం ఎదుగుదల మీద ఏం ప్రభావం చూపుతుందో తెలుసుకోవటానికి నేడు ఎన్నో దేశాల ప్రయోగశాలలు ఈ చేప గుడ్లనే వాడుతున్నాయి. గుడ్డు అద్దంలా పారదర్శకంగా ఉంటుంది. ఫలదీకరణ జరిగిన ఒక రోజుకే గుండె కొట్టుకోవటం మొదలవుతుంది. సూక్ష్మదర్శిని ఉంటే ఆ స్పందనలను మీరే లెక్కపెట్టవచ్చు.

ఈ గంగ చేప గుడ్లను మన పటాన్‌చెరు నీళ్ళలో పెట్టి చూశారు. ఆ ప్రయోగాన్ని కాస్త నిశితంగా చదువుదాం.

హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో సుమారు 90 మందుల పరిశ్రమల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం ఉండేది. శుద్ధి అయ్యాక బయటికి వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది! ఆ మందుబిళ్ళ మింగిన రోగి రక్తంలో కూడా సాధారణంగా అంత ఉండదు. 2009లో అదే బృందానికి చెందినవారు ఈ నీటిని పలుచన చేసి జీబ్రా చేప గుడ్ల మీద, కప్ప తోకపిల్లల మీద ప్రయోగించారు. వెయ్యి పాళ్ళలో రెండు పాళ్ళు మాత్రమే ఈ నీరు కలిసినా తోకపిల్లల పెరుగుదల 40 శాతం తగ్గింది. ఇంకా ఎక్కువ గాఢతల్లో చేప పిండాల కదలికలు మందగించాయి, ఒంటి రంగు తగ్గింది, గుండె వేగం పడిపోయింది.

ఒక్కొక్క రసాయనాన్ని విడిగా కొని పరీక్షించటం తేలిక. కాలువలోకి నిజంగా వదిలే నీటినే పరీక్షించటం ఈ ప్రయోగంలో మెచ్చుకోవలసిన విషయం. అయితే దాని బలహీనత కూడా అక్కడే ఉంది. “యాంటీబయోటిక్స్ చేపపిల్లల గుండెను దెబ్బతీశాయి” అని ఈ ప్రయోగాన్ని చూపి ఎవరైనా చెబితే నమ్మకండి. 2007 నాటి జాబితాను మళ్ళీ చూడండి. అదే నీటిలో మెటోప్రొలాల్ లీటరుకు 800 మైక్రోగ్రాములకు పైగా ఉంది. మెటోప్రొలాల్ పనే గుండె వేగాన్ని తగ్గించటం! రక్తపోటు తగ్గించే లోసార్టాన్, మానసిక కుంగుబాటుకు వాడే సిటాలోప్రామ్ కూడా అందులోనే ఉన్నాయి. ఇంతమంది అనుమానితులుండగా, అందరికన్నా పెద్దగా కనిపిస్తున్నాడని ఒక్కడినే పట్టుకుంటే ఎలా? నీరు విషమని ఈ ప్రయోగం తిరుగులేకుండా చూపింది. ఏ మందు వల్ల అన్నది చూపలేదు.

నా రెండో అభ్యంతరం ఈ ఒక్క ప్రయోగం మీద కాదు, పరీక్షా పద్ధతి మీదే. 2013లో ఓఇసిడి దేశాలు ఆమోదించిన చేప పిండ పరీక్ష 96 గంటల్లో ముగుస్తుంది. గుడ్డు గడ్డకట్టిందా, శరీర ఖండాలు ఏర్పడ్డాయా, తోక విడివడిందా, గుండె కొట్టుకుంటోందా అనే నాలుగే చూస్తారు. పురుగుమందు వంటి విషానికి ఇది సరిపోవచ్చు. కాని యాంటీబయోటిక్ ముఖ్యంగా చంపేది బాక్టీరియాను కదా! జీబ్రా చేపపిల్ల రెండు మూడు రోజుల్లో గుడ్డు పగిలి బయటికి వస్తుంది. అప్పటిదాకా దాని పేగులో సూక్ష్మజీవులు ఉండవు. నోరు తెరుచుకున్నాకే నీటిలోని బాక్టీరియా లోపలికి చేరి కాపురం పెడతాయి. అయిదో రోజు ప్రాంతంలో మేత మొదలవుతుంది. అంటే కథ మొదలయ్యే సమయానికి పరీక్షకుడు దీపం ఆర్పి ఇంటికి వెళ్ళిపోతున్నాడన్నమాట.

పేగులోని ఆ కాపురం చిన్న విషయమేమీ కాదు. సూక్ష్మజీవులు ఏమాత్రం లేకుండా పెంచిన జీబ్రా చేపపిల్లల్లో పేగు కణాలు సరిగా పునరుత్పత్తి కావనీ, పోషకాలను వినియోగించుకోవటం దెబ్బతింటుందనీ 2004, 2006లలో అమెరికాలో జరిగిన పరిశోధనలు చూపాయి. అలాంటి పిల్ల నాలుగో రోజున మామూలుగా ఈదుతూ కనిపించవచ్చు. పరీక్ష దానికి “క్షేమం” అని రాసేస్తుంది!

పటాన్‌చెరు వ్యర్థాలు చేరిన నక్కవాగు మంజీరలో కలుస్తుంది, మంజీర గోదావరిలో కలుస్తుంది. ఆ నీళ్ళలో పెరిగే బొచ్చె, శీలావతి చేపలు జీబ్రా చేపకు దగ్గరి బంధువులే. కాబట్టి అడగవలసిన ప్రయోగం ఇది: సిప్రోఫ్లాక్సాసిన్ ఒక తొట్టిలో, మెటోప్రొలాల్ మరో తొట్టిలో, రెండూ కలిపి ఇంకో తొట్టిలో, ఏమీ కలపని నీరు నాలుగో తొట్టిలో పెట్టి, మేత మొదలయ్యాక మరో మూడు వారాలు పిల్లలను పెంచి తూకం వేయాలి. ఖరీదైన పనేమీ కాదు. మన విశ్వవిద్యాలయాల మత్స్యశాస్త్ర విభాగాల్లో చేయదగ్గదే.

దీనికి తొందరేమిటంటారా? మందుల పరిశ్రమలు వదిలే నీటిలో ఏ యాంటీబయోటిక్ ఎంత మించకూడదో నిర్ణయిస్తూ కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2020 జనవరిలో ముసాయిదా ప్రకటించింది. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ పరిమితులు అందులో లేవు.