తుంటికి రెండవ శస్త్రచికిత్స: మార్గముల విమర్శ

కృత్రిమ తుంటికీలు శాశ్వతము కాదు. దాని గిన్నె అరుగవచ్చును, తొడయెముకలో దిగిన కాడ వదులు కావచ్చును, చీము పట్టవచ్చును, బంతి గిన్నెనుండి తొలగవచ్చును. అప్పుడు పాతకీలు తీసి క్రొత్తది అమర్చవలెను. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ తొలుత వాడిన టెఫ్లాన్ గిన్నెలు కొద్ది సంవత్సరములకే అరిగిపోగా, ఆయన 1962లో గట్టి పాలిథీనుకు మారెను. కావున ఈ సమస్య కృత్రిమకీలుతో పాటే పుట్టినది.

కీలును చేరుటకు వైద్యులు వాడు దారులలో మూడింటిని ఇచట పరిశీలింతము. వెనుకదారిలో తుంటిని నిలబెట్టు ముఖ్యకండరము చెక్కుచెదరదు. కాని తొడను మిక్కిలి వంచి లోనికి త్రిప్పినపుడు బంతి వెనుకకు జారు భయమున్నది. ప్రక్కదారిలో ఆ భయము తక్కువ. అయితే ఆ కండరములో కొంత భాగమును విడదీయవలెను. అది సరిగా అతుకనిచో రోగి కుంటును. కారణము తులాదండ సూత్రమే. ఒంటికాలిపై నిలచినపుడు శరీరభారపు భుజము పొడవు, కండరపు భుజము పొట్టి. కనుక కండరము శరీరభారమునకు సుమారు రెండింతల బలముతో లాగవలెను; కీలుపై సుమారు మూడింతల భారము పడును.

మూడవది, తొడయెముక ప్రక్కభాగమును పొడవైన పలకగా కోసి, కండరముతో సహా తలుపువలె తెరచుట. పని ముగిసిన పిమ్మట దానిని తీగలతో బిగింతురు. ఎముకను కోరి కోయుట క్రూరమని తోచవచ్చును. కాని గట్టిగా పట్టుకొనిన కాడను బలవంతముగా పెరికినచో ఎముక ఇష్టము వచ్చినట్లు పగులును. కొలతప్రకారము కోసినది సాధారణముగా అతుకును. ఇచట చిన్న కోత గొప్పతనము కాదు.

ఫలితమును కొలుచుటకు 1969లో హారిస్ రూపొందించిన పట్టిక నేటికిని వాడుకలో నున్నది. నూరు మార్కులలో 44 నొప్పికే. కూర్చుండుటకును మార్కులున్నవి, కాని కుర్చీలో! నేలపై కూర్చుండుటకు ఒక్క మార్కు లేదు.

కొల్లేటి లంకగ్రామములలో గాని, ఏలూరు, తాడేపల్లిగూడెము పరిసరముల పల్లెలలో గాని నేలపై బాసింపట్టు వేసి భుజించువారు, వరిచేలలో వంగి ఊడ్చువారు, చేపలచెరువు జారుడుగట్లపై నడచువారు ఎందరో కలరు. ఈ పట్టికలో మంచి మార్కులు వచ్చినవాడు తన ఇంటిలో బ్రతుకు సాగించలేకపోవచ్చును. ఇది పట్టికలోని పెద్దలోటు.

ఇందువలన వెనుకదారి పనికిరాదనుట తగదు. కీలుతిత్తిని, చిన్నకండరములను తిరిగి కుట్టినచో బంతి తొలగుట తగ్గును. అయినను రెండవ శస్త్రచికిత్స పిమ్మట ఈ అపాయము మొదటిదానికన్న ఎక్కువే. గొంతుకూర్చుండుట సాధారణముగా మానవలసియుండును. ఎత్తైన మరుగుపీట, కుర్చీ సమకూర్చుకొనవలెను. రోగి ఏ పని చేయును, ఎట్లు కూర్చుండునను ప్రశ్న కోతకు ముందే అడుగవలెను. కీలులోని లోపమును ఎక్స్‌రే చూపును. రోగి బ్రతుకుతీరును మాత్రము అతడే చెప్పవలెను.