కంబారికి ఇంగ్లీషు మాట

రుషికొండ బడిలో మొన్న తొమ్మిదో తరగతికి 'సర్వెంట్' అని బోర్డు మీద రాసి, పక్కన 'పనివాడు' అని రాశాను. వెనక బెంచీలోంచి ఒక గుంటడు లేచాడు. (మా వైపు గుంటడంటే పిల్లాడే, తిట్టు కాదు.) "మాస్టారూ, మీరూ గవర్నమెంటు సర్వెంటే గదా, మీరూ పనోడేనా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికెళ్లాక మా తాత గుర్తొచ్చాడు.

తాత కంబారి. విజయనగరం వైపు ఒక బుగత ఇంట్లో. తర్జుమా చేస్తే ఫార్మ్ సర్వెంట్ అవుతాడు. నాకు సర్వీసు రిజిస్టరుంది, క్యాజువల్ లీవుంది, ఒకటో తారీకు జీతముంది. తాతకి ఏడాదికిన్ని కుంచాలని ధాన్యం, బుగతింట్లో దీపాలార్పేదాకా చాకిరీ. ఇద్దరం సర్వెంట్లమేనట! బుగతని ల్యాండ్‌లార్డ్ అన్నా అంతే. ల్యాండ్‌లార్డుకి భూమి ఉంటే చాలు. బుగతకి మా తాత చేతులు కట్టుకుని నిలబడ్డం కూడా కావాలి.

'బాండెడ్ లేబర్' దగ్గర పేచీ ఇంకా పెద్దది. బాండ్ అంటే కట్టు, పత్రం కూడా. తాత బతికుండగా ఏ కాయితం రాశావని అడిగితే, "కాయితమేట్రా, మా అయ్య తిన్న గింజలకి నాను ఎల్లినాను" అన్నాడు. అప్పు తండ్రి నుంచి కొడుక్కి దిగడమంటే ఏమిటో 1960ల్లోనే కాళీపట్నం రామారావు 'యజ్ఞం'లో చూపించారు. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో.

ఆ చట్టానికీ ఈ సంగతి తెలుసు. ఆచారాన్నిబట్టి ఒప్పందం ఉన్నట్టే ఎంచాలంటూ రెండో సెక్షను వివరణలో కొన్ని పేర్లు వరసగా పెట్టారు. వెట్టి ఉంది, పాలేరు ఉంది, జీతా ఉంది, భగేలా ఉంది. ఇంగ్లీషులో రాసిన చట్టం పల్లెమాటల్ని ఉన్నవున్నట్టు ఎత్తి రాసుకుంది, సరిపోయే మాట తన దగ్గర లేదని ఒప్పుకున్నట్టు. అది మెచ్చుకోవాల్సిందే. కానీ కంబారి లేదు. నిర్వచనం వెడల్పుగానే ఉంది, కంబారిని బయటికి నెట్టదు. అయినా పాలేరంటే చాలు, ఆ వివరణ అతని పక్కనుంటుంది. కంబారైతే ఆ మాటకి అర్థమేమిటో ముందు ఆఫీసరుకి విప్పి చెప్పాలి. చెప్పే నోరుంటే తాత కంబారి ఎందుకవుతాడు?

మర్నాడు బోర్డు మీద 'కంబారి' అని రాసి, ఇంగ్లీషు మాట చెప్పమన్నాను. ఆ గుంటడే "స్లేవ్" అన్నాడు. ముందు బెంచీ పిల్ల ఒప్పుకోలేదు. "స్లేవుని డబ్బిచ్చి కొంటారు గదా మాస్టారూ, మీ తాతని కొన్లేదు గదా" అంది. ఇంతలో గంట కొట్టేశారు.