ఫ్రేములో లేని నెమలి

ఏడాది చివర్లో నచ్చిన పుస్తకాలకీ సినిమాలకీ జాబితాలు వేస్తాం కదా, ఫోటోలకి ఎందుకు వేయకూడదు? 2025లో మళ్ళీ మళ్ళీ తెరిచి చూసిన ఫోటోలన్నిటినీ ఫోన్లో ఒక ఫోల్డర్‌లో వేస్తూ వచ్చాను. డిసెంబర్లో చూస్తే అవి వాటంతటవే మూడు గుంపులయ్యాయి: నేల, జంతువు, రైలు. కొన్ని ఈ ఏటివి, కొన్ని నూరేళ్ళు దాటినవి. వాటిలో ఏవి తీసేశాను, ఏవి ఉంచుకున్నాను, ఎందుకు అన్నదే ఈ వ్యాసం.

ముందు తీసేసినవి. డిసెంబర్ వచ్చిందంటే బేగం బజార్ దుకాణాల గోడల మీదకి కొత్త క్యాలెండర్లు ఎక్కుతాయి. ఒకదాంట్లో మంచుకొండ, దాని కింద సరస్సు, ఒడ్డున లేడి, వంతెన మీద పొగ వదులుతూ ఆవిరి ఇంజను. నా మూడు గుంపులూ ఒకే కాగితం మీద! అడుగున స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణం పేరు, ఫోన్ నంబరు. ఇదెక్కడి కొండ అని అడిగితే సేఠ్ గారు లెక్కల పుస్తకంలోంచి తలెత్తకుండానే, "కహీ కా భీ హో, అచ్ఛా దిఖ్తా నా" అన్నారు. ఎక్కడిదైతేనేం, బాగుంది కదా అని. క్యాలెండర్ ఫోటో సిద్ధాంతం అంతా ఆ ఒక్క మాటలో ఉంది. మన ఫీడ్‌లో తిరిగే కుంటాల, బొగత జలపాతాల డ్రోన్ షాట్లు కూడా దాని మీదే నడుస్తాయి. ఆకుపచ్చ రంగు పెంచి, మనుషుల్ని చెరిపేసి, ఉన్న చోటుని ఎక్కడిదో కాని చోటుగా మార్చేస్తారు.

అదే బేగం బజార్‌లో ఫీల్‌ఖానా ఉంది. ఫీల్‌ఖానా అంటే ఏనుగుల సాల. ఇప్పుడక్కడ సరుకు దించే ట్రాలీ ఆటోలే తప్ప ఏనుగుల్లేవు. జంతువు పేరులో మాత్రం మిగిలి, చోటులోంచి వెళ్ళిపోయింది. ఇలాంటి సంగతి క్యాలెండర్‌లో పట్టదు. మరి ఫోటోలో పడుతుందా? ఫోటో ఎంత బాగుంది అన్నది పక్కనబెట్టి, ఆ చోటికి ఏం జరిగిందో, కెమెరా అక్కడికి ఎలా చేరిందో ఫోటో చెబుతుందా లేదా అని చూస్తూ ఫోల్డర్‌ని వడపోశాను. సగానికి పైగా పోయాయి.

మిగిలినవాటిలో అన్నిటికంటే పాతది 1902 ఏప్రిల్‌ది, రాజా దీన్‌దయాళ్ తీసింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా ఆయన మనకి తెలిసినవాడే. వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర వేట క్యాంపు. వైస్రాయ్ కర్జన్, భార్య మేరీ, ముందు నేల మీద చచ్చిన పులి. బ్రిటిష్ లైబ్రరీ దగ్గరున్న ఈ ఫోటోకి 'మొదటి రోజు వేట' అనే అర్థం వచ్చే శీర్షిక ఉంది. మొదటి రోజు! పులి కంటే నన్ను ఎక్కువ ఆపింది ఆ రెండు మాటలే.

దీన్ని వైల్డ్‌లైఫ్ ఫోటో అనడానికి నోరు రాదు. కానీ నా మూడు గుంపుల్నీ కలిపే ఫోటో ఇదే. వాడి నుంచి 1874లో సికింద్రాబాద్‌కి వచ్చిన నిజాం రైలు 1889కల్లా బెజవాడ చేరింది. నెక్కొండ ఆ దారిలోని స్టేషనే. డేరాలు, పరివారం, గాజు ప్లేట్ల కెమెరా అడవి అంచుకి చేరడానికి ఆ పట్టాలు ఎంత దారి చేశాయో ఊహించడం కష్టం కాదు. ఫ్రేములో రైలు లేదు గానీ ఫోటో మొత్తం దాని మీదే నిలబడి ఉంది. దీన్‌దయాళ్ కర్జన్‌ని ఎత్తిచూపాలని తీయలేదు, దొరని దొరలాగే చూపించాలని తీశాడు. అయినా తుపాకి ఎవరిదో, నేల ఎవరి చేతిలో ఉందో, పులి ఎందుకు పడుకుని ఉందో దాచిపెట్టలేదు. ఆ నిజాయితీ క్యాలెండర్ లేడికి లేదు.

దాని పక్కనే ఎఫ్. డబ్ల్యూ. చాంపియన్ పులిని పెట్టుకున్నాను. ఈయన ఉత్తరాది అడవుల్లో పనిచేసిన బ్రిటిష్ అటవీ అధికారి. పులి నడిచే దారిలో తీగ కట్టి, అది తగలగానే ఫ్లాష్ వెలిగి పులి తన ఫోటో తనే తీసుకునేలా ఏర్పాటు చేశాడు. ఆ ఫోటోలతో 1927లో పుస్తకం వేశాడు. ఇవాళ అమ్రాబాద్, కవ్వాల్ రిజర్వుల్లో పులుల్ని లెక్కపెట్టే కెమెరా ట్రాపులకి ఇది తాత లాంటిది. ట్రాప్ ఫోటోలు అందంగా ఉండవు. తోక తెగిపోతుంది, ఒక్కోసారి వీపు మాత్రమే వస్తుంది. నాకు నచ్చేది అదే. పులి తన పని మీద తను పోతోంది, మన కోసం నిలబడలేదు.

రైళ్ళ దగ్గర నాతో నేనే చాలా తగువు పడ్డాను. ఫిబ్రవరిలో సికింద్రాబాద్ స్టేషన్ పాత భవనం కూల్చినప్పుడు ఫీడ్ నిండా దాని ఆర్చిలే. సాయంత్రపు పసుపు వెలుగు, ఖాళీ ఆవరణ. ఆ ఆవరణ ఎప్పుడు ఖాళీగా ఉందండీ? కూలీ లేడు, ఆటో లేదు, సంచి మీద తల పెట్టుకుని పడుకున్న కుటుంబం లేదు. బెంగ నిజమే కావచ్చు, కానీ బెంగపడుతున్న చోటు అది కాదు. ఆ ఫోటోలన్నీ తీసేశాను. వాటికి బదులు ఒక రైల్‌ఫ్యాన్ కుర్రాడు నాంపల్లిలో తీసినదొకటి ఉంచుకున్నాను. లాలాగూడ షెడ్ ఇంజను ఒక మూలకి జరిగిపోయి, మధ్యలో పట్టాలు ఆగిపోయే చోటు, దానికెదురుగా టిఫిన్ డబ్బా విప్పుకున్న ఇద్దరు ఆడవాళ్ళు. ఇంజను నంబరు కోసం తీసినట్టున్నాడు. వాళ్ళు దానంతటదే పడ్డారు.

ఇక అమెరికావాడు విన్‌స్టన్ లింక్ 1956లో తీసిన 'హాట్‌షాట్ ఈస్ట్‌బౌండ్'. రాత్రి, ఆరుబయట సినిమా, కారులో ఒక జంట, తెర మీద విమానం, వెనక నుంచి దూసుకుపోతున్న ఆవిరి రైలు. ఫ్లాష్ వెలుగుకి తెర మీది బొమ్మ తెల్లబోతే, లింక్ ఇంకో నెగటివ్‌లోంచి విమానాన్ని తెచ్చి అతికించాడు. మరి ఇది మోసం కాదా? ఈ ప్రశ్నకి జవాబు నాకు గచ్చిబౌలిలో దొరికింది.

మార్చి 30, ఉగాది రోజు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి జేసీబీలు దిగాయి. ఆ వారంలో అందరి ఫోన్లలోనూ తిరిగిన బొమ్మ ఒకటుంది: మష్రూమ్ రాక్, బుల్డోజర్లు, వాటి ముందు నెమలి, జింక. జిబ్లీ పద్ధతిలో ఏఐ గీసి పెట్టింది. ప్రేమతోనే పంచుకున్నారు, కాదనను. కానీ ఆ జింక ఎప్పుడూ అక్కడ అలా నిలబడలేదు. లింక్ తెర మార్చాడు గానీ రైలు వచ్చింది, కారు ఉంది, ఆ జంట ఆ రాత్రి అక్కడ కూర్చుంది. ఇక్కడ చోటు పేరొక్కటే నిజం, చూసిన కన్ను లేదు. భావం నిజమైతే చాలదా అని స్నేహితులు వాదించారు. చాలలేదు. ఏఐ బొమ్మల మీద కేసులు పెట్టారు, నోటీసులు ఇచ్చారు. చెట్ల గురించి జరగాల్సిన మాట కాస్తా బొమ్మ నిజమా కాదా అన్నదాని మీదకి మళ్ళింది. నిజంగా ఉన్న జింకల్ని కూడా అనుమానించడానికి ఆ లేని జింక ఒక సాకు అయింది.

ఏప్రిల్ 3న సుప్రీం కోర్టు ఆ పనులు ఆపించింది. హైకోర్టు రిజిస్ట్రార్ వెళ్ళి చూసి ఇచ్చిన రిపోర్టు ప్రకారం దాదాపు 100 ఎకరాలు అప్పటికే ధ్వంసమయ్యాయి, అక్కడ నెమళ్ళూ జింకలూ పక్షులూ కనిపించాయి. అలంకారం లేని ఆఫీసు భాష. కానీ ఒక మనిషి వెళ్ళి, నిలబడి, చూసి రాసిన వాక్యం. ఆ బొమ్మ చేయలేని పని అది చేసింది.

జాబితాలో ఒకటో నంబరు చెప్పకుండా ఆపకూడదు. అది సరిగ్గా ఫోటో కూడా కాదు, ఆ రోజుల్లో ఫోన్లలో తిరిగిన ఒక వీడియోలోంచి తీసుకున్న స్క్రీన్‌షాట్. చీకటి, దూరంగా జేసీబీల లైట్లు, చెయ్యి వణికి అన్నీ మసక. వీడియోలో నెమలి అరుపులు వినిపిస్తాయి, స్క్రీన్‌షాట్‌లో ఆ శబ్దం ఎలాగూ లేదు. తీసినవాళ్ళు ఎవరో గానీ, ఆ చీకట్లో అక్కడ నిలబడి ఉన్నారు. చూడగలిగినంతే చూపించారు, కనిపించని నెమలిని తెచ్చి ముందు నిలబెట్టలేదు.