అయిదు మాత్రల నడక

ఈ వారము ఒక సంగీతసభలో ఉపన్యాసకులొకరు డేవ్ బ్రూబెక్ బృందమువారి ‘టేక్ ఫైవ్’ అను జాజ్ వాద్యకృతిని వినిపించి, చేతితో తాళము వేయుచు, ‘ఇది మన ఖండచాపు గాక మరేమి?’ అని యడుగగా సభ యంతయు చప్పట్లతో మారుమ్రోగినది. లయవిషయమున మనవారికి సాటి లేరని ఈ శీర్షికలో పలుమారులు వ్రాసినవాడను గనుక నాకును ఆ మాట పరమానందమును గలిగించినది. ఆ యుత్సాహముతోనే ఇంటికి వచ్చి దానిని మరల మరల వింటిని.

దాని పుట్టుక చిత్రమైనది. 1958లో అమెరికా ప్రభుత్వము పంపగా దేశదేశములు తిరిగి, మన దేశమునకును వచ్చిపోయిన బ్రూబెక్, టర్కీ వీథులలో తొమ్మిది మాత్రల నడకలో వాయించు వాద్యకారులను విని, నాలుగు మాత్రలకే అలవాటుపడిన జాజ్‌కు క్రొత్త గతులు నేర్పవలెనను సంకల్పముతో మరుసటి యేడు ‘టైమ్ అవుట్’ అను ఆల్బమును సిద్ధపరచెను. అందులో ‘టేక్ ఫైవ్’ మాత్రము ఆతని రచన గాదు. డ్రమ్ములు వాయించు జో మొరెల్లో అయిదు మాత్రల నడకపై మక్కువపడి అందొక కృతి కావలెనని కోరగా, ఆల్టో సాక్సఫోన్ విద్వాంసుడు పాల్ డెస్మండ్ రెండు స్వరఖండములను కట్టి తెచ్చెను. వానిని జతపరచి రూపము దిద్దినవాడు బ్రూబెక్. మొరెల్లో ఒంటరిగా తని వాయించుటకు ఆధారముగా మాత్రమే డెస్మండ్ దానిని తలంచెను. న్యూయార్కులో మొదట రికార్డు చేయబోయిన నాడు నడక కుదురక విడిచి, 1959 జూలై 1న పూర్తిచేసిరి. ఇట్టి లయలకు జనము నాట్యమాడలేరని కంపెనీ పెద్దలు సందేహించినను, 1961లో అది అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 25వ స్థానమును చేరినది.

చెవి యొగ్గి వినుడు. బ్రూబెక్ పియానోపై రెండే స్వరసంయోగములు ‘తకిట తక, తకిట తక’ యని చాలవరకు తిరుగుచుండును. మన ఖండచాపు ‘తక తకిట’. అనగా రెండు ముందు, మూడు వెనుక. ఇందు మూడు ముందు, రెండు వెనుక. మొత్తము అయిదే యైనను ఊనిక పడు చోటు మారుటచే నడకయే మారినది. మొరెల్లో తని యారంభించి, మాత్రలను దాటవేయుచు, నడుమ నిశ్శబ్దమును విడుచుచు, దెబ్బను వెనుకకు లాగుచు విహరించు నంతసేపును, మన కచేరీలో ప్రక్కవిద్వాంసుడు చేతితో తాళము చూపునట్లు, ఆ పియానో ఆవర్తమును కాపాడుచునే యుండును. ఆ పట్టు ఉండబట్టియే ఎన్నడును అయిదు లెక్కింపని శ్రోత కూడ దారి తప్పడు.

ఇచటనే నా తలంపు తిరిగినది. ఖండగతి మనకు పుట్టింటి సొమ్ము. అయిదేసి మాత్రల గణములతో సాగు ద్విరదగతి రగడను మన కవులు శతాబ్దములుగా వ్రాయుచునే యున్నారు. ఉన్న వారికి అయిదు పలికించుట యేమంత ఘనము? పుట్టినది మొదలు ఎక్కువగా నాలుగే విన్న ఒక జాతి నోట ఈ వరుసను కూనిరాగముగా నిలిపిన పని అంతకంటె గొప్పది, అది మనవారు చేసిన పని గాదు. సంఖ్య ఎవ్వరి సొత్తును గాదు. చట్టమున దానికి స్వామియైన డెస్మండే, 1977లో కన్నుమూయుచు, దానిపై వచ్చు రాయల్టీని అమెరికన్ రెడ్‌క్రాస్‌కు వ్రాసియిచ్చి పోయెను. అట్టి దానిని మనదని వాదించుటకంటె, మన మృదంగవిద్యార్థుల ముందుంచి, మూడు ముందు పడినచో అయిదు ఎట్లు నడచునో మొరెల్లో వద్ద నేర్చుకొండని చెప్పుట మన లయజ్ఞానమునకు మిక్కిలి గౌరవము.