పచ్చిమేత తూకమే ఉత్పాదకతా? బహువార్షిక పశుగ్రాస ప్రయోగాలలో నత్రజని లెక్క

సజ్జ–నేపియర్ సంకర గడ్డికి నత్రజని మోతాదును నిర్ణయించే పత్రాలలో ఉత్పాదకత అంటే తరచు హెక్టారుకు ఇన్ని టన్నుల పచ్చిమేత అనే అర్థమే కనిపిస్తుంది. ఈ కొలమానం మోతాదు పెంపునకు అనుకూలంగా ముందే మొగ్గి ఉంది.

నత్రజని ఎక్కువైన గడ్డి లేతగా, నీరు ఎక్కించుకొని పెరుగుతుంది. 20 శాతం పొడి పదార్థం గల 100 టన్నుల మేతలో పశువుకు దక్కేది 20 టన్నులు. ఎరువు పెంచగా దిగుబడి 110 టన్నులై, పొడి పదార్థం 17 శాతానికి దిగిందనుకుందాం. దక్కేది 18.7 టన్నులే. పట్టికలో మాత్రం అది పది శాతం లాభం. కోతకోతకూ పొడి పదార్థం ఇవ్వని పత్రంలో ఈ తేడాను పసిగట్టే దారి లేదు.

మాంసకృత్తుల లెక్క ఇంతకన్నా చిక్కైనది. మాంసకృత్తులలో 16 శాతం నత్రజని ఉంటుందన్న ఊహతో మొత్తం నత్రజనిని 6.25తో హెచ్చించి ‘ముడి మాంసకృత్తులు’ అంటున్నాం. మొక్క ఇంకా మాంసకృత్తిగా మార్చుకోని నత్రజని కూడా ఈ గుణకారంలో పోషక విలువగా చేరిపోతుంది. అందులో నైట్రేటు ఉంటే అది పోషకం కాదు సరికదా, ప్రమాదం. పశువు మొదటి పొట్టలో నైట్రేటు నైట్రైటుగా మారుతుంది. అది రక్తంలో చేరితే హిమోగ్లోబిన్ ప్రాణవాయువును మోయలేదు. బెట్టకు వాడిన లేత జొన్న మేపరాదని మన పశుపోషకులకు తెలుసు. ఆ విషం వేరు, ఎండబెడితే చాలావరకు తగ్గుతుంది. నైట్రేటు ఎండుగడ్డిలోనూ నిలిచే ఉంటుంది. కనుక అధిక మోతాదును సిఫారసు చేసే పత్రం నైట్రేటు కొలతను విడిచిపెట్టడం చిన్న లోపం కాదు.

ఇక కాలం సంగతి. ఏళ్ల తరబడి నిలిచే పంటకు ఒకటి రెండేళ్ల కోతలతో తీర్పు చెప్పడం తొందరపాటు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1856లో లాస్, గిల్బర్ట్‌లు ప్రారంభించిన పార్క్ గ్రాస్ ప్రయోగం నేటికీ సాగుతోంది. అది సహజ పచ్చిక బయలు, మనది నాటిన గడ్డి; దిగుబడులను పోల్చలేం. నేల విషయంలో మాత్రం పాఠం ఒకటే. అక్కడ ఏటా అమ్మోనియం సల్ఫేటు వేసిన మళ్లలో నేల తీవ్రంగా ఆమ్లపూరితమై, పదుల సంఖ్యలో ఉండిన గడ్డి జాతులు కొన్నింటికి కుదించుకుపోయాయి. నత్రజనిని సోడియం నైట్రేటుగా వేసిన చోట ఆ ఆమ్లత రాలేదు. యూరియా ప్రభావం అమ్మోనియం సల్ఫేటంత కాకపోయినా దిశ అదే. సున్నం నిండిన నల్లరేగడి దాన్ని తట్టుకుంటుంది. తేలికపాటి చెలక నేలకు ఆ శక్తి తక్కువ. ఇటువంటి నేలలో చేసిన ప్రయోగంలో చివరి కోత తరువాతి ఉదజని సూచిక లేకుంటే, అందులోని ‘అనుకూల మోతాదు’ ఆ రెండేళ్లకే అనుకూలం.